వణికిన చేతుల్లో మొదటి కీర్తన



ఈ నెల నేను చేసిన తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలని ఉంది.

మా సంఘంలో ఒక అక్క ఉన్నది. వయస్సు 47. వరి నాట్లకు, మిరప కోతలకు వెళ్తుంది. చిన్నప్పుడు బడి ముఖం చూడలేదు. బైబిలు తన కళ్ళతో తాను చదువుకోవాలన్న ఒక్క కోరికతో, రెండేళ్ళపాటు రాత్రి పూట మందిరం వరండాలో కూర్చుని అ, ఆల నుండి నేర్చుకున్నది. గుణింతాలు త్వరగానే వచ్చాయి. వత్తులే ఏడిపించాయి.

స్త్రీల ఆదివారం దగ్గరపడినప్పుడు వాక్యపఠనం ఆమెకే ఇచ్చాను. మొదటి కీర్తన, 6 వచనాలే. వద్దు వద్దు అంటున్నా, "ఏం ఫరవాలేదక్కా, ప్రభువు సహాయం చేస్తాడు" అని ఒప్పించాను. అంతకు మించి నేను చేసిన సహాయం ఏమీ లేదు.

ఆ ఉదయం ఆమె మైకు ముందు నిలబడగానే చేతులు వణకడం మొదలైంది. బైబిలు కాగితాల గలగల మైకులో మందిరమంతా వినిపించింది. నెత్తిమీది చెంగు జారింది, సర్దుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. రెండవ వచనంలో "ధర్మ" వరకు వచ్చి ఆగిపోయింది. తరువాత ఉన్నది "శాస్త్ర". సకారం కింద రెండు వత్తులు. వెనుక వరుసలో ఎవరో ఆడపిల్లలు కిసుక్కున నవ్వారు. అప్పుడు నేను ముందు వరుసలో కూర్చుని, పంతులమ్మలాగా గట్టిగా "ధర్మశాస్త్రము!" అని అందించాను. ఈసారి పెద్దలు కూడా నవ్వారు. ఆమె ఎలాగో ముగించి, తన చోటికి రాకుండా పక్క తలుపు గుండా వెళ్ళిపోయింది. మూడు ఆదివారాలు మందిరానికి రాలేదు.

నాలుగవ వారం వాళ్ళింటికి వెళ్ళాను. గోంగూర వలుస్తూ ఉన్నది. పీట వేసి, మంచినీళ్ళు ఇచ్చి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి అన్నది: "పిల్లలు నవ్వితే నవ్వారు అమ్మగారూ, వాళ్ళకేం తెలుసు. ఆ మాట నా నోటి దాకా వచ్చింది. ఇంతలో మీరు అందించారు. మీకే నామీద నమ్మకం లేకపోతే నాకిక రాదులే అనుకున్నాను."

నేను తల ఎత్తలేకపోయాను.

ఇంటికి వచ్చాక ఆలోచించాను. క్రిస్మస్ కార్యక్రమంలో మన పిల్లలు కంఠత వాక్యం మధ్యలో మరచిపోతే అందరం చప్పట్లు కొడతాం. దానికి ముందు నెల రోజులు వాళ్ళ చేత వల్లె వేయిస్తాం. పెద్దవాళ్ళు క్రొత్తగా ఏదైనా నేర్చుకుంటే మాత్రం అభ్యాసమూ ఉండదు, చప్పట్లూ ఉండవు. తడబడితే జాలిపడతాం. ఆ జాలి నవ్వుకంటె ఎక్కువగా గుచ్చుకుంటుంది.

వణుకు గురించి కొంచెం తెలుసుకుందాం. పదిమంది ముందు నిలబడినప్పుడు, ఏదో అపాయం ఎదురైనట్లుగా శరీరం సిద్ధపడుతుంది. అడ్రినలిన్ అనే రసం రక్తంలో కలుస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, నోరు ఎండుతుంది, అరచేతులు చెమర్చి చల్లబడతాయి, వ్రేళ్ళు వణుకుతాయి. పాము ఎదురైనప్పుడు కాళ్ళకు బలమిచ్చేది కూడా ఇదే. దీనిని విశ్వాసం తక్కువ కావడానికి గురుతుగా చెప్పేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. కొరింథుకు వచ్చినప్పుడు తాను బలహీనతతో, భయంతో, ఎంతో వణకుతో ఉన్నానని పౌలే వ్రాసుకున్నాడు (1 కొరింథీ 2:3). పౌలుకు విశ్వాసం తక్కువ అనగలమా?

నెహెమ్యాను చూడండి. షూషను కోటలో అర్తహషస్త రాజుకు పానపాత్ర అందించేవాడు. ఆయన ముఖంలోని దుఃఖం రాజు కంటబడింది. ఎందుకిలా ఉన్నావని రాజు అడిగినప్పుడు తాను మిక్కిలి భయపడ్డానని ఆయనే దాచకుండా వ్రాశాడు (2వ అధ్యాయం). భయం పోయేవరకు ఆగలేదు. ఆ భయంతోనే లోలోపల ప్రార్థన చేసుకుని, నోరు తెరిచి అడిగాడు. తరువాత యెరూషలేము గోడ 52 దినాలలో పూర్తయింది.

మరుసటి వారం నుండి బుధవారం సాయంత్రాలు ఆ అక్క, నేను ఇద్దరమే ఖాళీ మందిరంలో కూర్చునేవాళ్ళం. మొదటి రోజునే ఒక సంగతి బయటపడింది. ఆమె బైబిలును మోచేతులు చాచి దూరంగా పట్టుకుంటున్నది. 40 దాటాక వచ్చే చత్వారం! బరువైన పుస్తకాన్ని అలా చాచి పట్టుకుంటే ఎవరి చేతులైనా వణుకుతాయి. కళ్ళజోడు వేయించాం. బైబిలును బల్లమీద పెట్టి చదవమన్నాం. సగం వణుకు అక్కడే పోయింది. రెండేళ్ళు చదువు చెప్పిన మాకు ఆమె కళ్ళు చూడాలన్న ఆలోచన రాకపోవడం ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆ ఆదివారం ఆమె ఖాళీ కడుపుతో, స్ట్రాంగు టీ మాత్రం త్రాగి వచ్చిందట. ఆకలి, టీ రెండూ వణుకును పెంచేవే. ఇంట్లో ఊరకే కూర్చున్నా చేతులు వణుకుతుంటే మాత్రం డాక్టరుకు చూపించుకోవాలి. థైరాయిడ్ ఎక్కువైనా అలా జరుగుతుంది.

చదివే ముందు గాలి లోపలికి పీల్చి, అంతకంటె నెమ్మదిగా బయటికి వదలడం నేర్చుకున్నది. కూర్చుని కాక నిలబడి, మెల్లగా కాక గొంతెత్తి చదివేది. మొదట నా ఒక్కదాని ముందు, తరువాత ఇద్దరు స్నేహితురాళ్ళ ముందు. నేను మాత్రం అందించకుండా నోరు మూసుకోవడం నేర్చుకున్నాను. నమ్మండి, నా పాఠమే కష్టమైనది.

ఇంకొక మాట ఆమెకు బాగా పనిచేసింది. మన లోపలి కంగారు మనకు తెలిసినంతగా చూసేవాళ్ళకు తెలియదు. కెన్నెత్ సావిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీన్ని పరిశీలించి 2003లో ప్రచురించారు. ఈ సంగతి ముందుగా చెప్పి ప్రసంగం చేయించిన వాళ్ళు, చెప్పనివాళ్ళకంటె మెరుగ్గా మాట్లాడారు. ఇది వినగానే అక్క, "అయితే నా గుండె దడ మీకెవ్వరికీ వినబడలేదా?" అని ఆశ్చర్యపోయింది. కాగితాల గలగల తప్ప ఇంకేమీ వినబడలేదని చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ నవ్విన పిల్లలను నేను మందలించలేదు. బుధవారాలు వచ్చి, అక్క చదువుతుంటే వినమన్నాను. వాళ్ళలో ఒకమ్మాయి ఇప్పుడు ఆమెకు వత్తులు వ్రాయిస్తున్నది.

పోయిన నెల మొదటి ఆదివారం ఆమె మళ్ళీ నిలబడింది. అదే కీర్తన కావాలని తానే అడిగింది. చేతులు వణికాయి. బైబిలు బల్లమీద ఉన్నది గనుక చూపుడు వ్రేలు ఒక్కటే అక్షరాల కింద వణుకుతూ సాగింది. "ధర్మ" దగ్గర ఆగింది. మందిరమంతా నిశ్శబ్దం. నేను చెంగు నోట్లో కుక్కుకున్నాను. ఆమె ఊపిరి వదిలి, "శా... స్త్ర... ము" అన్నది. ఆరు వచనాలూ చదివి, వచ్చి నా పక్కనే కూర్చున్నది. చెయ్యి పట్టుకుంటే మంచులా ఉన్నది.

మా స్త్రీల కూడికలో ఇప్పుడు నెహెమ్యా గ్రంథం వరుసగా చదువుతున్నాం. వచ్చే వారం వంతు ఆమెదే. మూడవ అధ్యాయం, గోడ కట్టినవాళ్ళ పేర్లన్నీ ఉన్న అధ్యాయం. ఆ పేర్లు చూసి నాకే చెమటలు పడుతున్నాయి. ఆమె మాత్రం నిన్న కళ్ళజోడు తుడుచుకుంటూ, "మీరు అందించవద్దు అమ్మగారూ" అని ముందుగానే చెప్పి వెళ్ళింది.