బ్యాంకుకు ఇచ్చిన వివరములు ఎంత దూరము పోవును?

సార్వా పెట్టుబడికి పంట రుణము తెచ్చుకొనునపుడు పాసుపుస్తకము, ఆధారు నకలు, ఫోను నెంబరు ఇచ్చి, గుమాస్తా చూపినచోటనెల్ల సంతకము చేసి వచ్చుట మన డెల్టాలో పరిపాటి. ఆ సంతకములలో కొన్ని తప్పనివి, కొన్ని మీ యిష్టముపై ఆధారపడినవి. ఈ తేడా చెప్పకుండ కాగితముల దొంతర ముందు పెట్టుట మంచి పద్ధతి కాదని నా అభిప్రాయము.

అప్పు లెక్క మీరు వలదన్నను ఆగదు. 2005 నాటి చట్టమును, రిజర్వు బ్యాంకు ఉత్తర్వులను అనుసరించి, మీరు ఎంత తీసికొన్నది, గడువుకు కట్టినది లేనిది, బ్యాంకు సిబిల్ మొదలగు నాలుగు పరపతి సమాచార సంస్థలకు పంపవలెను. 2025 జనవరి నుండి కనీసము పక్షమునకొకసారి పంపవలెనని నియమము వచ్చినది. పొరుగువానికి మొగమాటముతో జామీను పెట్టినను మీ పేరు ఆ చిట్టాకు ఎక్కును. బ్యాంకు పేరు మారినను ఇది చెరగదు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిలులో యూనియన్ బ్యాంకులోను, చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మేలో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులోను కలిసినవి. ఖాతాలతోపాటు పాత బాకీల లెక్కలును పోయినవి.

తీర్చిన బాకీ తీరనట్లు పడినచో మరుసటి పంటకు అప్పు పుట్టక, కమీషను వ్యాపారి గుమ్మము ఎక్కవలసివచ్చును. కావున ఏటా ఒకసారి ప్రతి సంస్థ ఉచితముగా ఇచ్చు నివేదికను తెప్పించి చూడుడు. తప్పున్నచో వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయుడు. 30 దినములలో పరిష్కరింపనిచో, ఆపైన దినమునకు 100 రూపాయలు పరిహారము ఇయ్యవలెనని 2024 ఏప్రిలు నుండి నియమము కలదు.

ఇక మీ పేరు, ఫోను నెంబరు భీమా కంపెనీలకు, ఇతర వ్యాపారులకు ఇచ్చుటకు సమ్మతి అను వాక్యము వేరు. దానికి ఒప్పుకొననక్కరలేదు. అట్టి సమ్మతి లేనిదే వ్యాపార ప్రచారమునకు వివరములు ఇయ్యరాదని రిజర్వు బ్యాంకు 2014 నాటి ఖాతాదారుల హక్కుల పత్రము చెప్పుచున్నది. ఇదివరకే ఒప్పుకొన్నవారు రద్దు కోరుచు బ్యాంకుకు ఉత్తరము వ్రాయవచ్చును. ప్రచారపు ఫోనులను ఆపుటకు 1909 నెంబరు కలదు.

చిక్కంతయు ఆ వాక్యము ఇంగ్లీషులో, చీమతలకాయంత అక్షరములలో ఉండుటయే! 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము సమ్మతి కోరు నోటీసును తెలుగులో పొందు వీలు కల్పించినది. కాని 2025 నవంబరులో నిబంధనలు వెలువడినపుడు దీని అమలుకు 18 నెలల వ్యవధి ఇచ్చిరి. అంతవరకు ఆగనేల? గ్రామ వ్యవసాయ సహాయకులు రైతు సేవా కేంద్రములో ఈ వాక్యమును చదివి చెప్పవచ్చును. రైతులును రుణపత్రము నకలు అడిగి తెచ్చుకొనవలెను. అది ఇచ్చుట బ్యాంకు విధి.