ఏడు దినముల మౌనము

'పరామర్శ' యను మాట సంస్కృతమునుండి మనకు వచ్చినది. దాని ధాతువునకు తాకుట యని యర్థము. నేడు మనము పరామర్శకు పోయి, తాకుట మాని, మాటలాడి వచ్చుచున్నాము. ఇరువది యేండ్లుగా తెలుగు పాఠములు చెప్పుచున్న నేను ఈ భేదమును నిఘంటువున గాక, సికింద్రాబాదులో ఒక మిత్రుని యింట నేర్చుకొంటిని.

ఆయన మా పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించును. గత సంవత్సరము వానకాలమున ఒక తెల్లవారుజామున ఆయన భార్య గుండె ఆగి మరణించెను. ముందు రాత్రి ఆమె దోసెలకు పప్పు నానబోసి పరుండినదట. దంపతు లిద్దరును భక్తిగల క్రైస్తవులు. నేనును ఆ సంఘమువాడనే. ఆనాడే పోయి ఆయన యెదుట కూర్చుండి, 'అంతయు దేవుని చిత్తము' అంటిని. ఆయన తల యెత్తి, "మాస్టారూ, ఆ మాట నా కోసం అన్నారా, మీ కోసం అనుకున్నారా?" అని యడిగెను.

నాకు జవాబు తోచలేదు. ఇప్పుడు చెప్పగలను. అది నా కొరకే. ఇట్టి యిల్లాలికే ఇట్లు జరిగినచో నా యింటను జరుగవచ్చునను భయమునకు మూత వేయుటకై దేవుని పేరు వాడుకొంటిని.

యోబు గ్రంథమును మనము ఓర్పునకు నిదర్శనముగా చెప్పుకొందుము. అందు స్నేహమును గూర్చిన పాఠము కూడ కలదు. పదిమంది బిడ్డలను ఒక్క దినమున కోల్పోయి, ఒడలెల్ల కురుపులతో బూడిదలో కూర్చున్న యోబును చూడవచ్చిన ఎలీఫజు, బిల్దదు, జోఫరు అను మువ్వురు మిత్రులు అతని నానవాలు పట్టలేక యేడ్చిరి. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేలపై అతనితో కూర్చుండిరి, ఒక్కడును పలుకలేదు. అంతవరకు వారిని మించిన స్నేహితులు లేరు. నోరు విప్పిన పిమ్మటనే చెడిరి. నీ పాపమే దీనికి కారణమని వాదించిరి. తుదకు దేవుని కోపము రగిలినది తన్ను నిలదీసిన యోబుపై గాదు, తన పక్షమున వాదించిన యీ పండితులపై. (ఉపాధ్యాయులు ఈ ఘట్టమును రెండుమార్లు చదువుట మంచిది; వివరింపక యూరకుండుట మనకు చేతకాదు.) యూదులలో నేటికిని మృతుని యింట ఏడు దినములు కూర్చుండు ఆచారము కలదు. దుఃఖితుడు పలుకువరకు వచ్చినవారు ముందుగా పలుకరాదని వారి నియమము.

ఆంగ్ల రచయిత సి. ఎస్. లూయిస్ 1940లో మానవుని బాధకును దైవమునకును గల సంబంధమును తర్కించుచు ఒక గ్రంథము వ్రాసెను. 1960లో భార్య మరణింపగా ఆయన వ్రాసికొన్న శోకపు పుటలు మరుసటి యేట మారుపేరుతో వెలువడెను. వానిలో విశ్వాసము మిగిలినది గాని, తొలి గ్రంథములోని ధీమా మిగులలేదు.

ఆశను గూర్చి పలుకనేకూడదా యని కొందరు నన్నడిగిరి. బేతనియలో లాజరు మరణించిన నాలుగవనాడు క్రీస్తు వచ్చెను. ఆయన సమయమునకు రాకపోవుటచేతనే సోదరుడు పోయెనని మార్తయు మరియయు ఒకే విధముగా నిష్ఠూరమాడిరి. మార్తకు ఆయన పునరుత్థానమును గూర్చి చెప్పెను. మరియ యేడ్చుట చూచి తానును కన్నీరు విడిచెను. కొంతసేపటిలో లాజరును లేపబోవుచు నుండియు ఏడ్చెను! ఆ కన్నీటిని దాటవేసి సమాధి ద్వారమునకు పరుగెత్తుట మన బోధకులలో పలువురి కలవాటు.

1806లో దండుగా వెలసిన యీ పట్టణమున గుడిగంటయు చర్చిగంటయు ఒకే వీధిలో వినబడును. మా అటెండరు భార్య ఏటేట ఆషాఢమున ఉజ్జయినీ మహంకాళికి బోనమెత్తును. ఆ దంపతులకు యోబు కథ తెలియదు. నెల దినములు అతడు ఉదయమే పాలు తెచ్చి గుమ్మమున నుంచి, మిత్రుని కుమార్తెను సైకిలుపై బడికి చేర్చెను. మూడవనాడు అతని భార్య వచ్చి, పులిసిన ఆ పప్పును పారబోసి గిన్నె తోమెను. ఆ గిన్నెను ముట్టుటకు ఇంటివారి కెవ్వరికిని చేయి రాలేదు.

మన సంఘములలో మరణానంతరము ఆదరణ కూటము జరుపుదురు. తెలుగు బైబిలు పరిశుద్ధాత్మను ఆదరణకర్త యనుచున్నది. మూలమైన గ్రీకుమాటకు ప్రక్కకు పిలువబడినవాడని యర్థము. కూటమునాడు ఆ యింట కుర్చీలు చాలలేదు. నలుగురు ప్రసంగించిరి. పదునైదు దినముల పిమ్మట నేను మరల పోగా కుర్చీలన్నియు ఖాళీగా నుండెను. ఈసారి నేనేమియు చెప్పలేదు. ఇద్దరమును విద్యార్థుల ప్రశ్నపత్రములు దిద్దుకొంటిమి.

అట్లు వారమున కొకమారు పోవుచుంటిని. దసరా సెలవులలో ఒక సాయంకాలము ఆయన అలమారనుండి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తీసి నా చేతికిచ్చి, "ఇప్పుడు పాడండి, మాస్టారూ" అనెను. ఏది పాడవలెనో చెప్పలేదు. నేను పుటలు త్రిప్పుచుండగా ఆయన కుమార్తె వంటయింటినుండి వచ్చి తండ్రి ప్రక్కన కూర్చుండెను.