డాక్టరమ్మ శీర్షిక: ఓర్చుకోవడం దేనికి?

ఉగాది విందులో వడ్డనలు అయ్యాక ఒకావిడ నన్ను పక్కకు పిలిచారు. "డాక్టరుగారూ, వచ్చే నెల నాకు రొమ్ము తీసేస్తారట. కాన్సరు సంగతి సర్జనుగారు వివరంగా చెప్పారు. నొప్పి సంగతి అడగడానికే మొహమాటం వేసింది" అన్నారు. ఆవిడ అనుమతితోనే ఈ నెల ఈ విషయం వ్రాస్తున్నాను.

మత్తు డాక్టరుగా ఈ మొహమాటం మనవాళ్ళలో చాలాసార్లు చూశాను. సున్నా నుంచి పది వరకు నొప్పి ఎంత అని నర్సు అడిగితే "రెండు" అంటారు. చెయ్యి మాత్రం మంచం కమ్మీని బిగించి పట్టుకొని ఉంటుంది. పురుళ్ళు పోసుకొన్నవాళ్ళం, ఇదో లెక్కా అని కాబోలు! కాని నొప్పికి భయపడి చెయ్యి ఎత్తకపోతే భుజం బిగుసుకుపోతుంది. పైగా మొదటి రోజుల్లో నొప్పి తీవ్రంగా ఉన్నవారికి, నెలల తరబడి అది మిగిలిపోయే అవకాశం ఎక్కువ.

ఇందుకు ఒక మంచి ఉపాయం నరాల బ్లాకు. రొమ్ముకు స్పర్శనిచ్చే నరాలు ముఖ్యంగా వెన్నెముక దగ్గర బయలుదేరి పక్కటెముకల మధ్యగా ముందుకు వస్తాయి. అవి బయటపడేచోట, వెన్ను పక్కన మందు ఇస్తే పారావర్టిబ్రల్ బ్లాకు. ఇది 1905 నాటిది. మరుగున పడి 1979 తరువాత మళ్ళీ వాడుకలోకి వచ్చింది. అయితే రొమ్ము కింది కండరాలకు వెళ్ళే నరాలు మెడ వైపు నుంచి దిగుతాయి. వాటి కోసం 2011లో రఫాయెల్ బ్లాంకో అనే డాక్టరు ఛాతీ కండరాల పొరల మధ్య మందు ఇచ్చే పెక్స్ బ్లాకును వివరించారు. మరుసటి ఏడు చంక వైపు నరాలు కూడా అందేలా దాన్ని విస్తరించారు. ఇప్పుడు అల్ట్రాసౌండు తెరమీద సూది మొన చూసుకొంటూ ఇస్తాం.

2020లో వెలువడిన ప్రాస్పెక్ట్ సిఫారసులు పెద్ద ఆపరేషన్లకు పారావర్టిబ్రల్‌ను ముందు పెట్టి, పెక్స్‌ను ప్రత్యామ్నాయంగా చెప్పాయి. చిన్న గడ్డ తీసేటప్పుడు సర్జను గాయం దగ్గర ఇచ్చే మందే తరచు సరిపోతుంది. బ్లాకు వల్ల మార్ఫిను జాతి మందులు తగ్గుతాయి. వాటితో వచ్చే వాంతులూ తగ్గుతాయి.

బ్లాకు ఇస్తే కాన్సరు తిరిగి రాదని ఎవరైనా చెబితే నమ్మకండి. రెండువేల మందికి పైగా స్త్రీలను పరిశీలించి 2019లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అధ్యయనంలో ఆ తేడా కనిపించలేదు. నొప్పి తగ్గడమే దాని లాభం, అది చిన్న లాభమేమీ కాదు.

ప్రమాదాలు అరుదు, కాని లేకపోలేదు: ఊపిరితిత్తికి సూది తగలడం, మందు రక్తంలో ఎక్కువగా కలవడం. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే తప్పక ముందే చెప్పాలి.

అసలు ఇబ్బంది ఇంటికి వచ్చాక. ఒకసారి ఇచ్చిన బ్లాకు సుమారు సగం రోజు నుంచి ఒక రోజు వరకు పనిచేస్తుంది. మా బంధువులావిడ ఒకరు "నొప్పే లేదు, మాత్రలెందుకు" అని సీసా బల్లమీదే ఉంచి పడుకొన్నారు. రాత్రి రెండింటికి మొద్దుబారిన చోటంతా ఒక్కసారిగా సలుపు అందుకొంది. మాత్ర పనిచేయడానికి ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటా వాళ్ళాయన నాకు ఫోను చేస్తూనే ఉన్నారు. మొద్దుతనం వదలకముందే, డాక్టరు చెప్పిన వేళకు మాత్ర వేసుకోవాలి.

ఇంకొకటి. మన భాషలో నొప్పికి ఎన్ని మాటలున్నాయో! పోటు, సలుపు, మంట, తీపు, గుంజుడు. చంకలోనో చేతి లోపలి వైపునో మంటగా, కరెంటు కొట్టినట్లుగా ఉంటే అది నరం నొప్పి కావచ్చు. దానికి మందులు వేరు. అంకెతో పాటు ఆ మాట కూడా చెప్పండి. ఊరినుంచి వచ్చిన అమ్మకో అత్తగారికో ఆపరేషనయితే, పిల్లలచేత చెప్పించకుండా ఆసుపత్రివారినే దుబాసీని అడగండి.

ఆవిడ తన ప్రశ్నలు విందు కాగితం వెనుకే వ్రాసుకొన్నారు: నాకు బ్లాకు తగునా? ఏది? ఎవరిస్తారు? ఎప్పుడు వదులుతుంది? మొదటి మాత్ర ఎన్ని గంటలకు? ఆ కాగితం మత్తు డాక్టరుకు ఆపరేషను రోజు పొద్దున కాదు, ముందు జరిగే పరీక్షల నాడే చూపించమన్నాను.