గడప దగ్గర ఆగిన లెక్క

పాతబస్తీలోని బార్కాస్‌కు ఆ పేరు నిజాం కాలపు సైనిక బ్యారక్‌ల నుంచే వచ్చింది. సిపాయిల పేరు మోసే ఊళ్లో, గాయపడి ఇల్లు చేరిన మాజీ సైనికుణ్ణి భారంగా చూడటం అన్యాయం. ఆయన పెన్షన్ మీదే పిల్లల ఫీజులు, అమ్మ మందులు నడుస్తాయి. చక్రాల కుర్చీ గడప దాటాలంటే మాత్రం భార్య రెండు చేతులూ కావాలి. ఆ చేతుల చాకిరీకి లెక్కేది? సహాయకుల భత్యం ఉన్నా, అది 100 శాతం వైకల్యం ఉన్నవారికే. దాన్ని మరికొందరికి ఇస్తే బూటకపు క్లెయిములు పెరుగుతాయని కొందరంటారు. వాటిని ఏరాల్సిందే, 2023లో వైకల్య పెన్షన్ నిబంధనలు బిగించారు కూడా. కానీ ఆ పని వైద్య పరీక్షది; దాని శిక్ష నిజంగా గాయపడ్డ ఇంటికి పడకూడదు. పూర్తి సర్వీసు చేసి రిటైరైనవారికీ వైకల్య శాతాన్ని పైకి సవరించాలని 2014లో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 60 శాతాన్ని 75గా లెక్కగట్టగలిగినప్పుడు, ఆ మంచం పక్కన రాత్రంతా మేల్కొనే మనిషిని లెక్కలోకి తీసుకోవడం ప్రభుత్వానికి కష్టమేమీ కాదు.