పచ్చనివన్నీ లేతవేనా?

మొన్న ఆదివారం మా వంటింట్లో దూది పచ్చబడింది.

బండి మీద కొన్న బెండకాయలు మరీ నిగనిగలాడుతుంటే అనుమానం వచ్చింది. దూదిని లిక్విడ్ పారఫిన్‌లో ముంచి కాయ మీద రుద్దాను. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థవారు ఇంట్లో చేసుకోమని చెప్పిన పరీక్షే. దూదికి ఆకుపచ్చ అంటితే మలకైట్ గ్రీన్ పూశారన్నమాట. పట్టుకీ, కాగితానికీ వేసే రంగు! పచ్చిబఠాణీలకైతే దూదీ అక్కర్లేదు. గాజుగ్లాసులో నీళ్ళు పోసి అరగంట ఉంచితే, పూసిన రంగు నీళ్ళలోకి దిగుతుంది.

"చూసి కొనొద్దూ!" అన్నారు మావారు పేపరు చాటునుంచి.

ఒళ్ళు మండిపోయింది. పూసినవాడెవడో, అమ్మినవాడెవడో, తప్పు మాత్రం కొన్నదానిదా? బియ్యంలో రాళ్ళేరాం, పాలల్లో నీళ్ళు కనిపెట్టాం. ఇప్పుడు రసాయనశాస్త్రం కూడా మన కొంగుకే ముడేశారు!

"చట్టం ఉందిగా" అన్నారు మళ్ళీ.

ఉంది. 2006 నాటి ఆహార భద్రతా చట్టం 40వ సెక్షను ప్రకారం, మనమూ ఫీజు కట్టి సరుకు పరీక్ష చేయించుకోవచ్చు. తప్పు తేలితే ఫీజు వాపసు. కాని, పరీక్షకు పంపుతున్నానని కొనేటప్పుడే అమ్మేవాడికి చెప్పాలిట! దొంగకు కబురంపి కాపలా కాసినట్టు లేదూ?

పైగా దూదికి దొరికేది రంగొక్కటే. కాయలోకి ఇంకిన పురుగుమందు దానికి అంటదు. కార్బైడుతో పళ్ళు మగ్గబెట్టడం నిషేధం. అయినా నూజివీడు రసం కొరికేముందు అది చెట్టు మహిమో, కార్బైడు మహిమో ఏ ఇల్లాలు చెప్పగలదు?

మన తప్పూ లేకపోలేదు. లంకల్లోంచి మట్టితో వచ్చిన వంకాయను పక్కకు నెట్టి, మెరిసేదాన్ని ఏరుకునేది మన చెయ్యే. మెరుపుకు గిరాకీ ఉన్నన్నాళ్ళూ రంగు డబ్బాకూ గిరాకీ ఉంటుంది.

అందుకే అంటున్నాను. పరీక్ష జరగాల్సింది నా పొయ్యి దగ్గర కాదు, సరుకు దిగే చోట. కాళేశ్వరరావు మార్కెట్లోనూ, ప్రతి రైతుబజారులోనూ త్రాసు ఎంత అవసరమో పరీక్ష బల్లా అంత అవసరం. తూకంలో మోసం అయితే డబ్బు పోతుంది, రంగులో మోసం అయితే ఒళ్ళు పోతుంది.

మర్నాడు బండి అబ్బాయికి ఆ దూది చూపించాను. తెల్లబోయాడు.

"టోకున కొన్నవేనమ్మా. నిన్న మా ఇంట్లోనూ అవే వండారు" అన్నాడు.

నేనంటే పారఫిన్ సీసా కొనుక్కున్నాను. మరి ఆ ఇల్లాలి సంగతో?