అరిగింది రికార్డా, ముల్లా?

పోయిన ఆదివారం మా హాల్లో టీపాయ్ మీద మూడు కార్ట్రిడ్జ్‌లు, ఓ చిన్న స్క్రూడ్రైవర్, గ్రాములు తూచే బుల్లి కాటా, కొత్తగా కొన్న ఫోనో స్టేజ్ పరిచి ఉన్నాయి. కాఫీ గ్లాసు పెట్టుకోవడానికి చోటు లేక నాన్న దాన్ని చేత్తో పట్టుకునే నిలబడ్డారు.

‘‘ఏరా, ఇది పాటలు వినడమా, ఆపరేషనా?’’

ఆపరేషనే. పేషెంట్ ‘శంకరాభరణం’ ఎల్పీ. సినిమా వచ్చిన 1980లోనే తాతయ్య కొన్నారు. నాన్న అప్పుడు టెన్త్. స్కూలు నుంచి రాగానే అదే రికార్డు, అదే ముల్లు, రోజూ. కొన్నాళ్లకి పాటలో ‘స’ అక్షరం వచ్చిన ప్రతిచోటా బుస్సుమనడం మొదలైంది. ‘‘పాడుచేశావు కదరా’’ అన్నారట తాతయ్య. ఒక్కసారే అన్నారు. ఎల్పీ అటకెక్కింది. తాతయ్య ఇప్పుడు లేరు. నాన్న మాత్రం ఆ కథ ఎత్తినప్పుడల్లా ‘‘దాన్ని నేనే పాడుచేశాన్రా’’ అనే ముగిస్తారు.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని. బగ్ అంటే ముందు అది నిజంగా ఎక్కడుందో చూడాలి. రికార్డులోనా, ముల్లులోనా, మధ్యలో ఉన్న పెట్టెలోనా?

ఆ పెట్టే ఫోనో స్టేజ్. రికార్డు చెక్కేటప్పుడు బేస్‌ని తగ్గించి, ట్రెబుల్‌ని పెంచి చెక్కుతారు. లేకపోతే బేస్ కోసం గాడి మరీ వెడల్పయి, ఒక వైపు పట్టే పాటలు తగ్గిపోతాయి. వినేటప్పుడు ఫోనో స్టేజ్ ఆ లెక్కని తిరగేస్తుంది. ఫైల్‌ని జిప్ చేసి పంపితే ఇవతల అన్‌జిప్ చేసుకున్నట్టు. దాంతోపాటు కార్ట్రిడ్జ్ ఇచ్చే అతి చిన్న సిగ్నల్‌ని పెంచుతుంది కూడా.

ముందు రికార్డు శుభ్రంగా కడిగాను. మొదట ఆర్టోఫోన్ 2ఎం రెడ్ బిగించాను. ఇది 5.5 మిల్లీవోల్టులు ఇస్తుంది. ఫోనో స్టేజ్‌లో 40 డెసిబెల్స్, అంటే వంద రెట్లు పెంచితే చాలు. పాట బాగానే మొదలైంది, ‘స’ దగ్గర బుస్సు. స్విచ్‌లు అటూ ఇటూ మార్చాను. బుస్సు కాస్త పదునెక్కింది, కాస్త మెత్తబడింది, కానీ పోలేదు. ఇంకో కొత్త రికార్డు పెడితే అదే సెట్టింగ్‌లో శుభ్రంగా పాడింది. అంటే పెట్టె నిర్దోషి.

రెండోది డెనన్ డీఎల్-103. 1960లలో జపాన్ రేడియో ప్రసారాల కోసం తయారైంది, ఇప్పటికీ అమ్ముతున్నారు. ఇచ్చేది 0.3 మిల్లీవోల్టే. స్విచ్ మార్చడం మర్చిపోయి ప్లే చేస్తే బాలుగారు పక్క అపార్ట్‌మెంట్‌లో పాడుతున్నట్టు వినిపించారు. వాల్యూమ్ పూర్తిగా పెంచాను. అప్పుడు గుర్తొచ్చి గెయిన్ స్విచ్ 60 డెసిబెల్స్‌కి, అంటే వెయ్యి రెట్లకి నొక్కాను. వాల్యూమ్ తగ్గించకుండానే! ఇల్లు దద్దరిల్లింది. నాన్న కాఫీ కొంత ఒలికింది. మీరు చేస్తే ముందు వాల్యూమ్ సున్నా చేయండి.

కొత్త రికార్డు మీద గొంతు వినడానికి నాకు ఇదే అన్నిటికంటే తియ్యగా ఉంది. కానీ నాన్న ఎల్పీ మీద బుస్సు ఇంకా ఎక్కువైంది. అక్కడే విషయం అర్థమైంది. దీని ముల్లు మొన గుండ్రం. పాతకాలపు ముళ్లూ చాలావరకు అంతే. అంటే గాడి గోడని నలభై ఏళ్ల కిందట ముల్లు ఎక్కడ అరగదీసిందో, ఇదీ దాదాపు అక్కడే ఆనుతోంది. మరి గోడలో ముల్లు తగలని చోటు మిగిలే ఉండాలి కదా?

మూడోది ఆడియో-టెక్నికా వీఎం95ఎంఎల్. దీని మొన సన్నటి గీతలా ఉండి, గాడి గోడని ఎక్కువ లోతు వరకూ తాకుతుంది. 2 గ్రాముల బరువుకి సరిచేశాను. దీని సిగ్నల్ రెడ్ కంటే తక్కువ కాబట్టి వాల్యూమ్ కూడా సమం చేశాను. పెద్దగా వినిపించేదే మంచిదనుకోవడం మన చెవుల పాత బలహీనత.

ఈసారి ఏ ముల్లు పెట్టానో నాన్నకి చెప్పలేదు. బుస్సుమన్నప్పుడు వేలు ఎత్తమన్నాను. ఎక్కడెక్కడ వస్తుందో ఆయనకి కంఠతా వచ్చు. మొదటి చోటు వచ్చింది. వేలు సగం లేచి ఆగిపోయింది. రెండో చోటు. లేవలేదు. మూడో పాటకి ఆయన కుర్చీలో కూర్చున్నారు.

పూర్తిగా బాగైపోయిందని చెప్పను. లేబుల్‌కి దగ్గరగా ఉన్న చివరి పాటలో కాస్త గీర మిగిలింది. అంచు దగ్గర గాడి ముల్లు కింద సెకనుకి సుమారు 50 సెంటీమీటర్లు పరిగెడితే, లోపల 20 చిల్లరే. అదే పాట అంత తక్కువ చోటులో ఇరుక్కుంటుంది. పైగా అక్కడ అరుగుదల గట్టిగానే ఉంది.

‘‘నాన్నా, ముల్లు వజ్రమే అయినా అరుగుతుంది. అరిగిన ముల్లు రికార్డుని గీకేస్తుంది. మీరు ఎక్కువసార్లు విన్నందుకే ఇలా అవలేదు. ముల్లు మార్చనందుకు అయింది’’ అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

‘‘మార్చమని అడిగాన్రా. ఒకటో తారీఖు వచ్చాక చూద్దాం అన్నారు మీ తాతయ్య. అప్పుడు అత్తయ్య పెళ్లి అప్పు ఉంది. ఏ ఒకటో తారీఖున కొంటారు పాపం...’’

ఈ ముక్క నాకు ఎప్పుడూ చెప్పలేదు. కాఫీ ఎప్పుడో చల్లారిపోయింది. వేడి చేసి తెస్తానని లేచాను.

‘‘అది తర్వాత. ముందు రెండో వైపు తిప్పు’’ అన్నారు.