నడుమ నిలిచిన మందు పరీక్ష



కేన్సరు మందు పరీక్షయొకటి గడువునకు ముందే నిలిపివేయబడినదని పత్రికలలో అప్పుడప్పుడు చదువుచుందుము. మందు ప్రాణముల మీదికి తెచ్చియుండునని కొందఱు భయపడుదురు. అద్భుతముగ పనిచేసినది కాబోలునని కొందఱు సంతోషింతురు. రెండును నిజము కావచ్చును. చేరుటకు చాలినంతమంది రోగులు దొరకకయు, ఇక మేలు కనబడునను ఆశ లేకయు నిలిచిపోవునవియు కలవు. కావున నిలిచినదని విన్నంతనే, ఎందులకు నిలిచినదని యడుగవలెను.

మేలు కనబడి నిలిపినదానిని గూర్చియే నేడు వ్రాయదలచితిమి. చిక్కంతయు నందే యున్నది.

కెనడా దేశపు వైద్యుల నాయకత్వమున లెట్రజోల్ అను మాత్రపై నొక పరీక్ష జరిగెను. రొమ్ము కేన్సరునకు చికిత్స పొంది, టామాక్సిఫెన్ అను మందును సుమారు ఐదేండ్లు సేవించి ముగించిన, ముట్లుడిగిన స్త్రీలు 5,187 మంది అందులో చేరిరి. సగముమందికి లెట్రజోల్, తక్కినవారికి మందులేని ఉత్త మాత్ర. ఎవరికేది యిచ్చుచున్నారో రోగికిని తెలియదు, వైద్యునకును తెలియదు. ఐదేండ్లు వాడించవలెనని సంకల్పము.

ఈ గుట్టు విప్పి చూచు నధికారము వేఱొక సంఘమునకు గలదు. వారు ముందుగ నిర్ణయించుకొన్న వేళలందే లెక్కలు చూతురు. 2003లో మొదటిసారి చూడగా, వ్యాధి తిరుగబెట్టినవారును, రెండవ రొమ్మున క్రొత్తగ పుట్టినవారును కలిసి లెట్రజోల్ పక్షమున 75 మంది, ఉత్త మాత్ర పక్షమున 132 మంది తేలిరి. అప్పటికి గడచినది సుమారు 2.4 ఏండ్లే. పరీక్ష నాపి, అందఱికిని నిజము చెప్పిరి.

వేళలు ముందుగ నిర్ణయించుకొనుట యెందులకందురా? అన్నము ఉడికినదో లేదో మెతుకు పట్టి చూచుట మన కలవాటే. కాని మాటిమాటికి మూత తీసి, మెత్తని మెతుకు చేతికి తగిలిన క్షణముననే పొయ్యి యార్పినచో, అడుగున పలుకు మిగులును. మందుల లెక్కయు నట్టిదే. మేలు కనబడి ముందుగ నిలిపిన 143 పరీక్షలను, వివిధ రోగములకు సంబంధించినవానిని, 2005లో కొందఱు వైద్యులు పరిశీలించిరి. లెక్కకు వచ్చిన రోగఘటనలు తక్కువైనకొలది మేలు పెద్దదిగ కనబడినదట.

లెట్రజోల్ పరీక్షలో నిలిపివేయునాటికి మృతులు ఒకవైపు 31, వేఱొకవైపు 42. ఆయుర్దాయము పెరుగునని చెప్పుటకు ఈ తేడా చాలదు. ఎముకలు గుల్లబారుట మందు తినినవారిలో నూటికి 5.8, తిననివారిలో 4.5గ నుండెను, ఇదియు తేలని మాటయే. ఇంకను ఎన్నేండ్లు తినవలెను? అదియు తెలియదు. గుట్టు విప్పిన పిమ్మట ఉత్త మాత్రవారిలో 1,579 మంది లెట్రజోల్ పుచ్చుకొనిరి, 804 మంది వలదనిరి. సరిచూచుటకు నిలిచిన పక్షమే చెదరిపోయెను.

నిలుపుటయే తప్పని మేమనము. వ్యాధి తిరుగబెట్టకుండ కాచు మాత్ర యెదుటనుండగా, మృతుల లెక్క తేలువఱకు నుత్త మాత్ర మ్రింగుచుండుమని ఒక తల్లితో ఏ ముఖము పెట్టుకొని చెప్పుదురు? అయినను ఆమెకు దక్కిన లాభమునకు వెల, తరువాత వచ్చు స్త్రీల సందేహమైనది. ఈ సంగతి వైద్యులు దాచక చెప్పవలెనని మా యభిప్రాయము. మీ యింట నెవరినైన నిట్టి పరీక్షకు సంతకము చేయుమన్నచో, లెక్కలు ఎవరు చూతురు, ఎప్పుడు చూతురు, నడుమ నిలిపిన మా మందు మాకు దొరకునా యని తప్పక యడుగుడు. సిగ్గుపడవలసిన ప్రశ్నలు కావివి.

ఎన్నేండ్లు తినవలెనను ప్రశ్నపై వేఱొక పరీక్ష నడిపి, అప్పటికే ఇట్టి మందును ఐదేండ్లు వాడిన 1,918 మంది స్త్రీలలో కొందఱికి లెట్రజోల్ మఱి యైదేండ్లు ఇచ్చి చూచిరి. దాని ఫలితము 2016లో వెలువడెను: వ్యాధి మరల వచ్చుట తగ్గెను, ఆయుర్దాయమున తేడా కనబడలేదు, ఎముకల బాధలు హెచ్చెను.